కొసరుగా అడిగిన భోజనం

ముందే ఒప్పేసుకుంటాను. నాకు ఈత రాదు.

డెబ్బైల చివరినుంచి ఎనభైల చివరిదాకా మిషిగన్‌లో, ట్రాయ్ ఊళ్ళో, ఒక డైవింగ్ షాపులో పనిచేశాను. మధ్యధరా సముద్రంలో గోజో అనే చిన్న ద్వీపం ఉంది. దాని చుట్టూ ఎక్కడ మునిగితే ఏం కనబడుతుందో అమెరికా వాళ్ళకి చెప్పి, టికెట్టు కొనిపించి, విమానం ఎక్కించడం నా ఉద్యోగం. వీపున గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం కరచుకుని నూరడుగుల లోతుకి దిగేవాళ్ళు వాళ్ళు. నేను మోకాళ్ళు తడవగానే వెనక్కొచ్చేసేదాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ మధ్య అల్ఫారెట్టా అనే ఊరినుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా ఆయన స్నేహితుడి కూతురు. ఐటీ ఉద్యోగం మానేసి గ్రూప్ టూర్ల కంపెనీ పెడుతోందట.

"ఆంటీ, మీరు స్కూబా ట్రిప్స్ రన్ చేసేవారంట కదా! సో కూల్! నాకు టాప్ ఫైవ్ టిప్స్ ఇవ్వరా?"

"ఐదే ఎందుకమ్మా?"

"పోస్ట్ చేయడానికి ఈజీగా ఉంటది ఆంటీ."

నా దగ్గర ఐదు లేవు. ఒకటుంది. అది ఫోన్లో చెప్పేది కాదు. రాసి పంపిస్తానన్నాను. రాయడం మొదలుపెడితే ఇంతయింది. ప్రమోషన్ల సంగతులు ఇందులో వెతక్కండి. ఆ షాపులో ప్రమోషన్ అంటే హీటరు పక్కన కుర్చీ. అది నాకు రెండో చలికాలానికే దక్కింది.

షాపూ, షాపుగల ఆయనా

తెనాలి బజారులో మా నాన్నది కిరాణా కొట్టు. ఇటుపక్క పెదనాన్నది ఇత్తడి సామాను, అటుపక్క మేనమామది బట్టల కొట్టు. మా ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా కొనుక్కొస్తే బాగుందనడం లేదు. "ఎంతకిచ్చాడు?" అంటారు. ఎంత చెప్పినా "నెత్తిన టోపీ పెట్టాడు" అంటారు. పెళ్ళిచూపులయ్యాక అబ్బాయి నచ్చాడా అని మా అమ్మ అడిగితే, "తొందరేముంది, ఇంకో రెండు కొట్లు చూద్దాం" అన్న మనిషిని నేను.

అలాంటిదాన్ని ట్రాయ్‌లో ఆ షాపుకి వెళ్ళింది మా పిల్లవాడికి ఈత కళ్ళజోడు కొనడానికి. డోనట్ల కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఇరికించినట్టుండేది. కళ్ళజోడు మీద రాసిన ధర చూసి నవ్వాను. షాపు యజమాని రాన్‌కి అది కొత్త. అతను అంతకుముందు హైస్కూల్లో ఈత నేర్పేవాడు. అతని చేత ధర తగ్గింపించి, పైన ఒక రబ్బరు టోపీ కూడా వేయించుకుని బయటికొస్తుంటే వెనకనుంచి పిలిచాడు.

"ఏమమ్మా, ఉద్యోగం కావాలా? నన్నే ఇంత ఏడిపించినదానివి, నా తరఫున వెళ్ళి హోటళ్ళవాళ్ళని ఏడిపించకూడదూ?"

జీతం దగ్గర కూడా ఏడిపించి చేరాను.

రాన్ గురించి నిజం చెప్పాలంటే, మంచివాడు. అంతకు మించి అతన్ని పొగడడానికి నాకు ఏమీ దొరకలేదు. ఏ కాగితమూ చదవడు. సంతకం పెట్టమంటే "ఎక్కడ?" అంటాడు తప్ప "ఎందుకు?" అనడు. అలాంటి యజమాని దొరికితే పని సుఖంగా ఉంటుంది. అదే ప్రమాదం. మీ తెలివి మీద ఇంకో కన్ను ఉండదు.

ఇక మా కస్టమర్లు. కార్ల కంపెనీల ఇంజనీర్లు, పళ్ళ డాక్టర్లు, ఒకరిద్దరు ప్రిన్సిపాళ్ళు. వారాంతాల్లో రాతి క్వారీల్లో నిండిన చన్నీళ్ళలో దిగి, ఎవరో కావాలని ముంచిన స్కూల్ బస్సుని చూసి వచ్చేవాళ్ళు. ప్రతి వారం అదే బస్సు. వణుక్కుంటూ పైకొచ్చి "అద్భుతం" అనేవాళ్ళు. చీకట్లో తుప్పు బస్సు చూసి అద్భుతం అనగలిగినవాడికి ఎండలో నీలి సముద్రం అమ్మడం పెద్ద విద్యేమీ కాదు. అయినా నేను దాన్ని విద్య అనుకున్నాను.

తెలుగువాళ్ళ విందుల్లో నా మీద జోకులు సరేసరి.

"సులోచన గారూ, మీది జనాన్ని ముంచే ఉద్యోగమటగా?"

"మునిగేది వాళ్ళేనండీ. నేను టికెట్టు కొడతానంతే."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

చూడని చోట్లు అమ్మడం

మా నాన్న మిరపకాయల సరుకు కొనేముందు ముగ్గురు బండివాళ్ళని విడివిడిగా పిలిచి ఒకే ప్రశ్న అడిగేవాడు. ముగ్గురి జవాబులూ కలిసినచోట నిజం ఉంటుందని ఆయన లెక్క. నేనూ అదే చేశాను. ద్వీపంనుంచి తిరిగొచ్చిన ప్రతివాడినీ ఒంటరిగా కూర్చోబెట్టి అడిగేదాన్ని: ఎక్కడ చలేసింది, ఎక్కడ భయమేసింది, ఎక్కడ విసుగేసింది? "ఏది బాగుంది?" అని మాత్రం అడగలేదు. బాగుందని అందరూ అంటారు. అంత దూరం వెళ్ళి బాగాలేదని చెప్పుకునే మనిషి ఇంకా పుట్టలేదు.

ఆ జవాబులన్నీ తెలుగులో నోటుబుక్కులో రాసుకున్నాను. రాన్ చదవలేడని కాదు, ఎలాగూ చదవడు. నా తీర్పులు కొన్ని చెబుతాను.

ద్వీపం పడమటి ఒడ్డున రాతిలో బావిలాంటి గుంట ఉంది. అందులో దిగితే కింద కిటికీలా తెరుచుకుని సముద్రంలోకి దారి. ఫోటోలకి పుట్టిన చోటు. పదిమంది ఒకేసారి దిగితే కనబడేవి ఒకరి కాళ్ళకున్న రబ్బరు రెక్కలు ఇంకొకరికి. దాని పక్కనే కొండ లోపల చిన్న మడుగు, మడుగునుంచి సముద్రంలోకి పొడుగాటి సొరంగం. కొత్తవాళ్ళకి అక్కడే భయమేస్తుంది, పైకి చెప్పరు. ఉత్తరాన ఒక గుహలో నీళ్ళమీదికి తల పెడితే పైన గోపురంలాంటి కప్పు, వెలుతురంతా నీలం. దేవుణ్ణి నమ్మని పళ్ళ డాక్టర్లు కూడా అక్కడ కాసేపు నోరు మూసుకునేవాళ్ళట. ఆ ఒక్కదానికే నేను మనస్ఫూర్తిగా టికెట్లు అమ్మాను. వాయవ్యం గాలి లేస్తే ఉత్తరం ఒడ్డంతా మూతే. ఈ ముక్క బ్రోషర్లో ఉండదు. బ్రోషర్లో గాలి వీచదు.

ఇక ఆఖరిది నిలువు గోడ. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన రాయి, దాని అంచునుంచి తిన్నగా కిందికి, అడుగు కనబడనంత లోతు. గోడ బొరియల్లో దూడంత చేపలుంటాయి. దిగినవాడికి ఇంకొంచెం, ఇంకొంచెం అనిపించే చోటు. నా నోటుబుక్కులో దాని పక్కన "ఆశ పుట్టిస్తుంది" అని రాసుకున్నాను. దాన్ని హెచ్చరికగా రాసుకోలేదు. అమ్మకానికి పనికొస్తుందని రాసుకున్నాను.

రేవు దగ్గర బేరం

మొదటి సీజనుకి ముందు పడవ మాట్లాడి రమ్మని రాన్ నన్ను ద్వీపానికి పంపాడు. పడవమనిషి పేరు కార్మెను. యాభై దాటినవాడు. చేపల పడవని డైవింగ్ పడవగా మార్చుకున్నాడు. పడవ ముక్కుకి రెండువైపులా రంగుతో కళ్ళు వేసి ఉన్నాయి, కాటుక దిద్దినట్టు. అక్కడి పాత పడవలన్నిటికీ ఉంటాయవి, దిష్టికి. ఇంగ్లీషు బాగానే మాట్లాడతాడు.

రేవు పక్కన టీకొట్లో కూర్చున్నాం. మూడు టీలయ్యాయి, మనిషి దిగడు. అప్పుడు మా అమ్మ చీరలకొట్లో చేసే పని చేశాను. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, నమస్కారం పెట్టి, వెనక్కి పిలవడానికి వీలుగా నెమ్మదిగా గుమ్మందాకా నడిచాను. పిలిచాడు. ధర కుదిరింది.

అమెరికాలో పుట్టిన పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మా బజారులో ధర కుదిరితే బేరం అయినట్టు కాదు. తూకం పూర్తయ్యాక కొట్టువాడు పైన ఒక చిటికెడో పిడికెడో వేయాలి. దాన్ని కొసరంటారు. అడక్కపోతే మీరు అమాయకులు. వెయ్యకపోతే వాడు పిసినారి. నేను కుర్చీలో మళ్ళీ కూర్చున్నాను.

"దీని మీద ఇంకేమిస్తారు?"

"మేడమ్, ధర తగ్గించాను కదా!"

"ధర ధరే. దాని మీద?"

కార్మెను నన్ను వింత జంతువుని చూసినట్టు చూసి, వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాడు. "తువ్వాళ్ళు ఇస్తాను. టీ ఇస్తాను. పడవ కింద, పదడుగుల లోతున, ఒక నిండు సిలిండర్ వేలాడదీస్తాను. దానికి డబ్బు అడగను. ఎప్పుడూ చేసేదే."

"అది దేనికి?"

"గాలి చాలక వచ్చేవాళ్ళకి."

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. లోతునుంచి మనిషి తిన్నగా పైకి వచ్చేస్తే, ఒంట్లో ఇంకిన గాలి గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు నెత్తుట్లో బుడగలు కడుతుంది. అందుకని పైకి వచ్చేముందు పదడుగుల కింద తాడు పట్టుకుని, లోతునిబట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆగడానికి గాలి కావాలి. వీపున ఉన్నది అయిపోతే, పీల్చుకోడానికి ఆ వేలాడే సిలిండర్. అప్పటికే ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. కస్టమర్లకి నేనే చెప్పేదాన్ని.

"పోయిన సీజన్లో ఎంతమంది వాడారు?" అన్నాను.

ఆలోచించాడు. "ఎవరూ లేరు."

"అంతకు ముందు?"

"ఒకతను. జర్మన్."

"అంటే రోజూ నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొస్తుంది."

"అవును మేడమ్." మొహం వెలిగింది. "అదే కదా మనకి కావలసింది."

నాకు కనబడింది వేరు. అల్మరాలో రోజూ దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టే సరుకు. ఎవరూ కొనరు, చోటు మాత్రం తింటుంది. మా నాన్నయితే అలాంటి సరుకు రెండో నెల ఉంచడు.

"అది మానెయ్యండి. దాని బదులు మా వాళ్ళకి పడవ మీద మధ్యాహ్నం భోజనం పెట్టండి. మీ ఆవిడ చేస్తుందా?"

"చేస్తుంది, కానీ..."

"సిలిండర్ మొయ్యక్కర్లేదు, నింపక్కర్లేదు. మీకూ తేలికే."

అతను కప్పులో మిగిలిన టీ వంక చాలాసేపు చూశాడు. ఆ ఏడు అక్కడ పడవలకి గిరాకీ లేదు. ఆ సంగతి నేను రేవులో ముందే ముగ్గుర్ని అడిగి తెలుసుకునే కూర్చున్నాను.

"మీరు ఏజెంటు. మీరే రాయండి," అన్నాడు చివరికి.

రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. తిరుగు విమానంలో నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది. రాన్ కాగితం చూసి "ఎక్కడ?" అన్నాడు. సంతకం పెట్టాడు.

భోజనం గొప్పగా కుదిరింది. గట్టి రొట్టె మీద టమాటా రుద్ది, ఆలివ్ నూనె పోసి, ట్యూనా చేపముక్కలూ ఉప్పులో ఊరేసిన కాయలూ పెట్టి, పక్కన మేకపాల జున్నుగడ్డ. తిరిగొచ్చినవాళ్ళు చేపల గురించి రెండు ముక్కలు, భోజనం గురించి ఇరవై ముక్కలు చెప్పారు. మొదటి సీజన్లో రాన్ పడవ మీదనుంచి కిందికి చూసి "ఇక్కడ వేలాడే సిలిండర్ ఉండాలే?" అన్నాడట. దాని బదులే ఈ భోజనం అని కార్మెను చెప్పాడట. రాన్ భోంచేశాడు. తర్వాతి బ్రోషర్లో భోజనం ఫోటో ముఖచిత్రమైంది.

మనవాళ్ళు

రెండు సీజన్లు బ్రహ్మాండంగా గడిచాయి. మూడో సీజనుకి మొదటిసారి ఒక తెలుగాయన పేరిచ్చాడు. భాస్కర్రావు గారు. కార్ల కంపెనీలో కారు భాగాలు చేసే అచ్చుల డిజైనింగ్. ఆ రోజుల్లో కంప్యూటర్లు కాదు, బల్ల మీద కాగితం పరిచి పెన్నుతో గీసేవారు. మా ఊరి తెలుగువాళ్ళ పత్రిక కూడా ఆయన చేతిరాతే. అక్కడ తెలుగు అచ్చు ఎక్కడుంది? ఆయన ముత్యాల్లా పేజీలన్నీ రాస్తే, అవే జిరాక్సు తీసి అందరికీ పంపేవాళ్ళం. ఆ అక్షరాలు చూసి ఏడ్చిన ముసలివాళ్ళని నేనెరుగుదును.

ఆయన భార్య రాజ్యం నాకంటే చిన్నది. నన్ను అక్కా అంటుంది. మా రెండిళ్ళ మధ్య ఒక స్టీలు డబ్బా తిరుగుతుండేది. గోంగూర పచ్చడితో వస్తే కజ్జికాయలతో వెళ్ళేది. ఖాళీగా మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. మా ఇళ్ళల్లో ఆ పద్ధతి లేదు.

భాస్కర్రావు గారు షాపుకి వచ్చి మొదట అన్న మాట: "సులోచన గారూ, మనం మనం ఒకటి. రేటు కాస్త చూడండి."

"మనవాళ్ళకే లాభం వేసుకోవాలండీ. పరాయివాళ్ళు రెండోసారి రారు."

"అయితే టిఫినన్నా పెట్టిస్తారా?"

"పడవ మీద భోజనమే ఉంది. నేను మాట్లాడిందే."

"అదీ బేరమంటే!"

రాజ్యం మాత్రం పక్కకి లాగి చెప్పింది. "అక్కా, ఈసారి మీరూ వెళ్తున్నారని పంపిస్తున్నా. ఈయనకి ఎక్కడ ఆపాలో తెలీదు. బఫేకి వెళ్తే డబ్బులు కట్టాం కదా అని కుర్చీలోంచి లేవలేనంత తింటాడు."

"నేను చూసుకుంటాలే."

ఆ ఏడు గుంపు పెద్దది, అందుకని రాన్ నన్నూ రమ్మన్నాడు. నేను చూసుకుంటానన్న మనిషికి ఈత రాదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

గోడ దగ్గర

మూడో రోజు పొద్దున గోడ దగ్గర లంగరు వేశారు. గాలి లేదు, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. రాన్ ముందు ఒక జట్టుని తీసుకుని దిగాడు. భాస్కర్రావు గారికి జత డేల్ అనే ఇంజనీరు, ఆయన ఆఫీసువాడే. దిగేముందు రాన్ అందరికీ చెప్పిన మాట నేను విన్నాను: గాలి కొలిచే గేజిలో ముల్లు ఎర్రగీత దగ్గరికి రాకముందే పైకి బయల్దేరాలి, గాలి మిగుల్చుకుని రావాలి.

రాన్ జట్టు వచ్చేసింది. వీళ్ళిద్దరూ రాలేదు. నేను పడవ అంచు పట్టుకుని బుడగలు చూస్తున్నాను. కాసేపటికి తాడు దగ్గర రెండు తలలు లీలగా కనబడ్డాయి. సరే, ఆగారు అనుకున్నాను. అంతలోనే ఇద్దరూ ఒక్కసారిగా పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి పీల్చారు.

నిచ్చెన ఎక్కుతూనే భాస్కర్రావు గారు అరిచారు. "ఏం చేపండీ బాబూ! ఆంబోతు! బొరియలోంచి బయటికొచ్చేదాకా కదల్లేదు నేను!"

"గాలి ఎంత మిగిలింది?" అన్నాను తెలుగులో.

"మిగల్చడమేంటండీ? నింపినదానికంతా డబ్బు తీసుకున్నారుగా. సగం వెనక్కి పట్టుకొచ్చి ఈ రాన్‌గాడికి దానమివ్వనా?"

డేల్ నవ్వలేదు. తాడు దగ్గర తన గాలి కూడా ఈయనతో పంచుకున్నానని, ఇద్దరిదీ అయిపోతే పైకి వచ్చేశామని చెప్పాడు. ఎన్ని నిమిషాలు ఆగాల్సింది, ఎన్ని ఆగారు అని కార్మెను అడిగాడు. డేల్ చెప్పాడు. కార్మెను పడవ కింద నీళ్ళకేసి ఒకసారి చూసి, నాకేసి చూశాడు. 

భోజనం పెట్టారు. భాస్కర్రావు గారు తిన్నారు. ఇంకో ప్లేటు పెట్టించుకున్నారు. తింటూనే కుడి భుజం నొక్కుకుంటున్నారు.

"ఏమైందండీ?"

"సిలిండర్ మోశాను కదా, పట్టేసింది. ఏం లేదు."

ఇంకాసేపటికి చేతిలోని రొట్టె కిందపడింది. తీసుకోబోయారు. వేళ్ళు మూసుకోలేదు. ఆయన తన చెయ్యి వేరేవాళ్ళదన్నట్టు చూసుకున్నారు.

"తిమ్మిరి. మధ్యాహ్నం డైవుకి తగ్గిపోతుంది," అన్నారు.

"మధ్యాహ్నం డైవు లేదు," అన్నాడు కార్మెను. అప్పటికే లంగరు లాగుతున్నాడు.

పక్కనున్న పెద్ద ద్వీపంలో ఒత్తిడి గది ఉంది. బాయిలర్‌లాంటి ఇనుపగదిలో మనిషిని పెట్టి, లోపల గాలి ఒత్తిడి పెంచి, బుడగలు కరిగేదాకా నెమ్మదిగా తగ్గిస్తారు. అక్కడికి చేరేదాకా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది. "రాజ్యానికి చెప్పకండి, కంగారు పడుతుంది," అన్నారు. ఆ తర్వాత, "రెండో డైవు డబ్బు వెనక్కిస్తారా?" అన్నారు. నవ్వించడానికే. నేను నవ్వలేకపోయాను.

తప్పెవరిది

బతికారు, నడిచారు. గదిలో పెట్టిన నాలుగో రోజుకి మామూలుగా మాట్లాడారు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

ట్రాయ్‌కి వచ్చాక రాన్ తలుపు వేసి కూర్చోబెట్టాడు. "కస్టమర్ నేను చెప్పింది వినలేదు. నేను చెప్పడం అందరూ విన్నారు. తప్పు ఆయనదే. మనం వేరే ఏమీ అనక్కర్లేదు."

"వేలాడే సిలిండర్ ఉంటే?"

"అది ఉండాలని ఎక్కడా రాసి లేదు కదా."

నిజమే. లేదు. లేకుండా చేయించిన కాగితం మాత్రం ఉంది, నా చేతిరాతతో. రాన్ దాన్ని అప్పటికీ చదవలేదని అప్పుడే అర్థమైంది. భాస్కర్రావు గారిది ఆశ, రాన్‌ది బద్ధకం, కార్మెనుది అవసరం. ఈ మూడూ కలిసినా ఆయన వేళ్ళు పోయేవి కావు, నా తెలివి లేకపోతే. ఇది వినయం కోసం అనడం లేదు. మా బజారులో వినయానికి గిరాకీ లేదు.

ఆ వారమే కార్మెనుకి ఫోన్ చేశాను.

"సిలిండర్ మళ్ళీ కట్టండి. ఎంతవుతుందో చెప్పండి."

చెప్పాడు. "సరే" అన్నాను.

 "మేడమ్, మీ ఒంట్లో బాగుందా?" అన్నాడు.

"బాగుంది. భోజనం మానెయ్యండి."

తర్వాత నేను ఆ షాపు మానేసేదాకా అన్ని సీజన్లూ ఆ సిలిండర్ నిండుగా వెళ్ళింది, నిండుగా తిరిగొచ్చింది. అదేమిటని ఒక్క కస్టమరూ అడగలేదు. భోజనం ఏమైందని మాత్రం మూడేళ్ళు ఉత్తరాలు రాశారు. అందులో ఒకటి డేల్‌ది.

అల్ఫారెట్టా అమ్మాయీ, నీకు చెప్పాలనుకున్నది ఇదే. బేరమాడు. హోటలు గది దగ్గర ఆడు, బస్సు దగ్గర ఆడు, దుప్పట్ల దగ్గర ఆడు. కస్టమర్ మెచ్చుకునే వస్తువేదైనా సరే, ఎంత పిండుకుంటావో పిండుకో. ఎవరూ మెచ్చుకోని వస్తువు జాబితాలో కనబడితే మాత్రం, అదెందుకుందో పూర్తిగా అర్థమయ్యేదాకా దాని మీద చెయ్యి వెయ్యకు. అర్థమయ్యాక కూడా వెయ్యకు. నాకు అర్థమయ్యే వేశాను.

డబ్బా

భాస్కర్రావు గారు ఎడంచేత్తో గీయడం నేర్చుకోబోయారు. కుదరలేదు. కంపెనీ ఆయన్ని గీసే బల్ల దగ్గరనుంచి తీసి గోడౌన్ లెక్కల్లో పెట్టింది. ఆ ఉగాదికి మా పత్రిక ఇంగ్లీషులో టైపై వచ్చింది. చదవడానికి సులువుగా ఉందని చాలామంది మెచ్చుకున్నారు.

ఇన్ని నెలలూ రాజ్యం నాతో ఒకటే మాట. "అక్కా, మీరు పక్కన లేకపోతే ఈయన దక్కేవాడు కాదు." డబ్బా మా ఇంటికి మైసూర్‌పాకుతో వచ్చింది, సున్నుండలతో వచ్చింది. నేను నింపి పంపుతూనే ఉన్నాను. పత్రిక వచ్చిన వారం ఇక నింపలేకపోయాను. చేతిలో ఏమీ లేకుండా వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన సోఫాలో కూర్చుని రబ్బరు బంతి పిసుకుతున్నారు. రాజ్యం వంటింట్లో ఉంది. కూర్చోకుండానే చెప్పాను. టీకొట్టు, సిలిండర్, జర్మన్, సంతకం, అన్నీ.

ఆయన బంతి పక్కన పెట్టారు.

"అయితే ఆ టమాటా రొట్టె... దాని బదులా?"

"అవునండీ."

"పడవ వాడు ఉంచుతానంటే మీరు వద్దన్నారా?"

"నేనే వద్దన్నాను."

 తర్వాత ఒక్కసారిగా పగలబడి నవ్వారు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. "రెండు ప్లేట్లు తిన్నానండీ సులోచన గారూ! రెండు ప్లేట్లు!"

ఆ నవ్వుకి వంటింటి చప్పుడు ఆగిపోయింది. రాజ్యం అప్పటికే గుమ్మంలో ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.  లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు, మూత చప్పుడు. వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపదు తను, ఎవరినైనా సరే.

తిరిగొచ్చి నా చేతిలో పులిహోర పెట్టింది. ఐస్‌క్రీమ్ అయిపోయాక కడిగి దాచుకునే ప్లాస్టిక్ డబ్బాలో. ఎవరెవరో అతిథులకి ఏదైనా పెట్టి పంపేది అలాంటివాటిలోనే.

"ఉంచుకోండి సులోచన గారూ," అంది. "డబ్బా తిరిగివ్వక్కర్లేదండీ."